ముందు వెచ్చదనం, ఆ తర్వాతే పాలు

పిన్నిగారూ, ఒక్క క్షణం ఆగండి. చేతిలో గిన్నె అలా గోడ మీద పెట్టేయండి. ఆవుపాలేనా? గోరువెచ్చగా కాచి మరీ తెచ్చినట్టున్నారు. మీ మనసు నాకు తెలియదా! అయినా ఆ పాలు ఆ పిల్లికూనలకి పొయ్యకండి. ఇలా దగ్గరికి రండి, చెబుతాను.

ఎక్కడ పెట్టింది పిల్లల్ని? సామాన్ల గదిలో, పాత దుప్పట్ల బుట్టలోనా? నాలుగా! కళ్లు తెరవలేదు, చెవులు తలకి అంటుకుపోయి ఉన్నాయి, బొడ్డుతాడు ఎండి వేలాడుతోంది అంటున్నారుగా. అయితే పుట్టి ఇంకా నాలుగైదు రోజులు కూడా అయి ఉండదు. ఆ బొడ్డు దానంతటదే రాలిపోతుంది, మీరు లాగకండి.

మధ్యాహ్నం నుంచీ తల్లి కనబడలేదా? మరి మీరు ఆ గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు కదూ. మీరక్కడ ఉన్నంతసేపూ అది రాదండీ. ఏ గోడ చాటునో నక్కి చూస్తూ ఉంటుంది. బాలింత పిల్లికి ఆకలి ఎక్కువ. పిల్లలకి కడుపునిండా పాలిచ్చి, నిద్రపుచ్చి, తిండి వెతుక్కోవడానికి పోతుంది. రెండు మూడు గంటలు రాకపోవచ్చు. లేదంటే ఆ చోటు నచ్చక, ఒక్కోదాన్నీ నోట కరుచుకుని ఇంకో చోటికి చేరేస్తూ ఉండొచ్చు. పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దవాళ్లు చూసే అన్నారు. మధ్యలో మనం వెళ్లి ‘అయ్యో, అనాథలు’ అని ఎత్తుకొచ్చేస్తే, తల్లి ఉన్న పిల్లల్ని మన చేత్తో మనమే తల్లిలేనివి చేసినట్టు అవుతుంది.

ఒకదాన్ని చేత్తో తీసి చూశారా? ఫర్వాలేదు, భయపడకండి. మనిషి వాసన తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదనే మాట నిజం కాదు. అది వెచ్చగా ఉందా? కడుపు గుండ్రంగా ఉందా? నాలుగూ ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయా? హమ్మయ్య. అయితే తల్లి పాలిచ్చి వెళ్లి ఎంతోసేపు కాలేదు. అదే, ఒళ్లు చల్లబడి, ఆగకుండా అరుస్తూ, చీమలు పట్టి ఉన్నాయనుకోండి, అప్పుడిక ఎదురుచూడకూడదు. వెంటనే తీసుకోవాలి.

ఇదంతా నాకెలా తెలుసంటారా? పోయినేడు శ్రావణమాసంలో మీరు మీ అబ్బాయి దగ్గర ఉన్నారు. మూడు రోజులు ఒకటే ముసురు. మన వీధి చివర తల్లిపిల్లి బండి కింద పడి పోయింది. అది పోయిన సంగతి కళ్లారా చూశాను కాబట్టే పిల్లల కోసం వెతికాను. కాలవగట్టున అట్టపెట్టెలో దొరికాయి, మూడు. నిలువునా తడిసిపోయి ఉన్నాయి. అందులో నల్లది అన్నిటికన్నా చిన్నది. అరచేతిలో పెట్టుకుంటే కడిగిన తమలపాకులా ఉంది, అంత పలచన, అంత చల్లన. ఆకలితో ఉందనుకుని కొంగుతో తుడిచి, వెంటనే దూదివత్తి ముంచి ఆవుపాలు పట్టాను. మింగింది కూడా. తెల్లవారకుండానే పోయింది పిన్నిగారూ.

పొద్దున్నే మిగతా రెంటినీ పశువుల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళితే ఆయన ఒక మాట చెప్పారు. చలి పట్టిన కూనకి పాలు పట్టకూడదట. ఒళ్లు చల్లబడితే కడుపు పనిచెయ్యడం మానేస్తుంది, తాగిన పాలు అరగక అలాగే నిలబడిపోతాయి. ముందు వెచ్చదనం, ఆ తర్వాతే పాలు. ఆ ఒక్క ముక్క ముందురోజు సాయంత్రం తెలిసి ఉంటే ఆ నల్లది బతికేదేమో. మా నందివర్ధనం చెట్టు కింద ఉంది. అందుకే మీ చేతిలో గిన్నె చూడగానే నాకు ప్రాణం ఆగినంత పనైంది.

అప్పుడే పుట్టిన కూన తన ఒంటి వేడి తాను కాపాడుకోలేదండీ. పెద్ద పిల్లి ఒళ్లు 101, 102 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. కూన ఒళ్లు మొదటి వారంలో అంతకన్నా నాలుగైదు డిగ్రీలు తక్కువ. అందుకని దాని చుట్టూ ఉన్న గాలి 85 నుంచి 90 డిగ్రీల దాకా ఉండాలి. తల్లి అయితే కడుపు కిందికి లాక్కుంటుంది. మనకి ఆ కడుపు ఎక్కణ్ణుంచి వస్తుంది? ప్లాస్టిక్ సీసాలో వేడినీళ్లు పోసి, బిగించి, నా పాత నేతచీర రెండు మడతలు చుట్టి పెట్టెలో ఒక పక్కన పెట్టాను. ఒక పక్కనే సుమండీ. రెండో పక్క ఖాళీగా వదలాలి, వేడెక్కువైతే అవి పాక్కుంటూ అటు జరుగుతాయి. కరెంటు పోయిన రాత్రి ఉప్పు వేయించి మూటకట్టాను, మీరు నడుం నొప్పికి కాపడం పెట్టుకుంటారే, అలాగ. మణికట్టుకి తగిలించి చూసి, అది కూడా గుడ్డ చుట్టే పెట్టాలి. గబగబా వేడి చేసెయ్యకూడదు. గంటా గంటన్నర పట్టినా సరే, మెల్లగా వేడెక్కాలి. నోట్లో చిటికెనవేలు పెట్టి చూస్తే లోపల వెచ్చగా తగిలి, వేలు చప్పరించిందీ అంటే, అప్పుడది పాలకి సిద్ధమైనట్టు.

ఇక పాల సంగతి. పిల్లిపాలలో మాంసకృత్తులు ఆవుపాలకి రెట్టింపు పైనే ఉంటాయి, కొవ్వు కూడా ఎక్కువే. ఆవుపాలలో ఉండే చక్కెర, అదే లాక్టోజ్, వాటికి సరిగ్గా అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. వంద గ్రాములు తూగే ప్రాణానికి నాలుగుసార్లు విరేచనమైతే ఒంట్లో ఇక నీళ్లేం మిగులుతాయి చెప్పండి? పెంపుడు జంతువుల సామాన్లు అమ్మే కొట్లో పిల్లికూనల పాలపొడి అని అడిగితే ఇస్తారు. డబ్బా మీద రాసిన కొలతకి కలిపి, చేతి మీద చుక్క వేసి చూసి పట్టాలి.

ఆ రోజు నేను మా అమ్మ ఉగ్గుగిన్నె కూడా వెతికి తీశాను. మనకి అలవాటైన పని కదా, కాళ్లు చాపుకుని, పిల్లని వెల్లకిలా వేసుకుని, ఉగ్గు పొయ్యడం. డాక్టరుగారు అది కూడా వద్దన్నారు. కూనని ఎప్పుడూ వెల్లకిలా పట్టుకోకూడదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల్లి దగ్గర ఎలా తాగుతుందో అలాగే, బోర్లా, తల కాస్త ఎత్తి ఉండాలి. దానికి సరిపడా బుల్లి సీసా గానీ, సూదిలేని సిరంజి గానీ వాడాలి. పొయ్యకూడదు, అది చప్పరిస్తుంటే చుక్కచుక్కగా అందివ్వాలి. వంద గ్రాముల పిల్లకి ఒక విడతకి సుమారు 4 మిల్లీలీటర్లు, అంటే చెంచాడు కూడా కాదు. అందుకే మొదటి వారం రెండేసి గంటలకోసారి, రాత్రీ పగలూ. రెండో వారం మూడేసి గంటలు. పదింటికీ పన్నెండింటికీ నేను, రెండింటికీ నాలుగింటికీ మా ఆయన. మా హాల్లో క్యాలెండరు చూశారుగా, గ్యాసు ఎప్పుడు బుక్ చేశామో రాసుకునేది. ఆ నెల గళ్లన్నీ వాటి బరువులే. 92, 101, 113. రోజుకి పది పదిహేను గ్రాములు పెరగాలి. వంటింటి కాటా మీద గుడ్డ పరిచి తూచేవాళ్లం. అంకె పెరిగిన రోజు మా ఆయన కాఫీ కూడా తాగకుండా ముందు ఆ కబురే చెప్పేవారు.

ఆ పాలు తాగడం చూడాలి పిన్నిగారూ! గుటకపడ్డప్పుడల్లా చెవులు రెండూ కదులుతాయి, టిక్కు టిక్కుమని. ముందుకాళ్లతో గాలిని పిసుకుతూ ఉంటాయి. తల్లి పొదుగు దగ్గరైతే అలా పిసికితే పాలు దిగుతాయి. నా వేలు అడ్డం పెడితే వేలునే పిసికేవి. గోళ్లు పల్చటి అగరొత్తి పుల్ల మొనల్లా గుచ్చుకునేవి.

పాలతో పని అయిపోదు. మీ చేతుల మీదుగా ఎంతమంది పసివాళ్లు పెరిగారో, మీకు కూడా ఇది కొత్తగా ఉంటుంది. కూన తనంతట తాను ఉచ్చ పొయ్యలేదు. తల్లి నాకితేనే వస్తుంది. అందుకని ప్రతి విడతకీ దూది గోరువెచ్చని నీళ్లలో ముంచి, పిండి, కింద మెల్లగా రాయాలి. దాదాపు మూడు వారాల దాకా ఇదే పని. ఇది మరిచిపోతే ఎన్ని పాలు పట్టినా ప్రమాదమే.

మీ వీధరుగు మీద కూర్చుని బాబాయిగారు మార్జాల కిశోర న్యాయం గురించి చెబుతారు చూడండి. కోతిపిల్ల తల్లిని పట్టుకుని వేలాడుతుంది, పిల్లికూన ఏమీ పట్టుకోదు, తల్లే దాన్ని పట్టుకుంటుంది అని. వడగలై వారు కోతిపిల్లని, తెంగలై వారు పిల్లికూనని పోలికగా చెప్పుకుంటారని ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో. ఆ మాట నాకు నిజంగా తలకెక్కింది మాత్రం ఆ దూదిముక్క పట్టుకున్న రాత్రే. చూపు లేదు, వినికిడి లేదు, వేడి లేదు, ఆఖరికి ఉచ్చ పోసుకునే శక్తి కూడా లేదు. అన్నీ తల్లే. అంత పనీ ఆ వీధిపిల్లి ఒక్కత్తీ, ఎవరికీ చెప్పకుండా, ఏ చీకటి మూలనో చేసుకుంటోంది. ఇద్దరం మనుషులం, గడియారం పెట్టుకుని కూడా దానికి సాటి రాలేకపోయాం. అందుకే చెబుతున్నాను, తల్లి బతికి ఉంటే దాని పని దాన్ని చేసుకోనివ్వాలి.

తొమ్మిదో రోజున కళ్లు తెరిచాయి. ముందు లోపలి మూల సన్నగా చీలింది, మర్నాటికి పూర్తిగా విచ్చుకున్నాయి. మొదట్లో అన్ని కూనల కళ్లూ నీలంగానే ఉంటాయి. పదకొండో రోజున బారసాల చేసినట్టే పేర్లు పెట్టుకున్నాం, మందారం, పసుపు అని. మందారం ఒంటి మీద మూడు రంగులు. మూడు రంగులదైతే దాదాపు ఎప్పుడూ ఆడదేనట. మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోన్లో రోజూ వీడియోలు పంపేది. అమెరికాలో హన్నా షా అనే ఆవిడ, ‘కిటెన్ లేడీ’ అంటారుట, ఇలా తల్లిలేని కూనల్ని ఎలా సాకాలో చూపిస్తుంది. పాలు పట్టే పద్ధతి చేతికి అలవాటయింది ఆవిణ్ణి చూసే. నాలుగో వారంలో పళ్లెంలో మెత్తటి తిండి నాకడం నేర్చాయి. రెండు నెలలు నిండాక పసుపుని మా ఆడపడుచు తీసుకెళ్లింది. మందారం సంగతి మీకు తెలిసిందే, ఇప్పుడు మీ తులసికోట పక్కన ఎండ కాచుకునేది అదే.

సరే, ఇప్పుడు మన పని. మీరు కుర్చీ తీసేసి లోపలికి వెళ్లిపోండి. వెళ్లేముందు పిడికెడు బియ్యప్పిండి గది గుమ్మంలో పలచగా చల్లండి. బుట్ట దగ్గర కాదు, చీమలొస్తాయి. గుమ్మంలోనే. తలుపు ఓరగా వదలండి. తల్లి వస్తే పిండి మీద అడుగు పడుతుంది. ఈ నాలుగు రోజులూ ఆ గదిలో ఫినాయిల్ వెయ్యకండి, పిల్లులకి అది విషం. మీ కోడలికి ఇప్పుడు నెలలు కదా, పిల్లి మలం ఎత్తే పని ఆ అమ్మాయికి చెప్పకండి, కడుపులో బిడ్డకి మంచిది కాదు. తల్లి గనక గీరినా కరిచినా, కుళాయి కింద సబ్బుతో పావుగంట కడిగి వెంటనే రేబిస్ టీకాకి వెళ్లాలి. చిన్న గీతే కదా అని వదలకూడదు.

తొమ్మిదింటికి చూద్దాం. అప్పటికీ రాకపోయినా, ఈలోగా అవి అరుపులు మొదలెట్టినా నన్ను కేకెయ్యండి. అట్టపెట్టె, సీసా, కాటా, అన్నీ అటక మీద ఉన్నాయి, ఇప్పుడే దింపిస్తాను. పాలపొడి మా ఆయన తెస్తారు. మీరు ఒక్కరే మేలుకోనక్కర్లేదు, వంతులు వేసుకుందాం.

*

పిన్నిగారూ, మెల్లగా నడవండి. టార్చి నేల మీదికే వెయ్యండి, లోపలికి వద్దు.

ఇదిగో, చూశారా? నాలుగు చిన్న వేళ్లు, వెనకాల ఒక మెత్త. గోళ్ల గుర్తు లేదు. కుక్కదైతే గోళ్లు పడేవి, పిల్లి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది. ఇక్కడొకటి, అక్కడొకటి. అన్నీ లోపలికి వెళ్లిన అడుగులే. బయటికి వచ్చినవి ఒక్కటీ లేవు.

వినండి. పిల్లల అరుపు కాదది, తల్లి గుర్రుమని చేసే చప్పుడు.

పదండి, వెళ్లిపోదాం. రేపు చేపలమ్మి వస్తే నేను నాలుగు ముక్కలు తీసుకుని, ఉప్పూ ఉల్లీ ఏమీ లేకుండా మా గిన్నెలో ఉడికించి ఇస్తాను, మీరు గుమ్మానికి దూరంగా పెట్టండి చాలు. పిల్లలు పాలు మానాక తల్లికి ఆపరేషను చేయిద్దాం. పాలిస్తూ ఉండగానే మళ్లీ కడుపుతో ఉండగలదు అది, రెండు నెలలు దాటితే మళ్లీ ఈత. ఖర్చు చెరిసగం. కూనలకి కూడా నాలుగైదు నెలలు వచ్చేసరికి చేయించాలి.

ఆ ఆవుపాలు తోడు పెట్టేసుకోండి. సీసా, పెట్టె నేను మళ్లీ అటకెక్కిస్తాను.