బార్కాస్ నుంచి హున్సా దాకా

చాంద్రాయణగుట్ట దాటితే బార్కాస్. యెమెన్ నుంచి వచ్చిన నిజాం సిపాయిల బ్యారక్‌లే జనం నోళ్లలో బార్కాస్ అయ్యాయి. ఇప్పుడందరూ మండీ తినడానికి వెళ్తారు. నేను మాత్రం ఓ పహిల్వాన్‌తో పాటు వ్యాన్ ఎక్కడానికి వెళ్లాను. హోలీ రోజు నిజామాబాద్ జిల్లా హున్సాలో కుస్తీలు. 200 కిలోమీటర్ల పైనే ప్రయాణం.

తెల్లవారకముందే ఏడుగురం బయల్దేరాం. సీట్ల కింద లంగోటాల మూటలు, బాదం డబ్బా, నెయ్యి సీసా. ముందు సీటు ఉస్తాద్‌ది. కుర్రతనంలో కొల్హాపూర్‌లో షాహూ మహారాజ్ కట్టించిన ఖాస్‌బాగ్ మైదానం దాకా వెళ్లొచ్చాడట. ముద్దలా నలిగిన ఆ చెవులు చూస్తే నమ్మక తప్పదు.

"డీజిల్ అందరం పంచుకుంటం సార్. గెలిచినోడు తినిపిస్తడు" అన్నాడు పహిల్వాన్. మామూలు రోజుల్లో ఆటో నడుపుతాడు. జాతరల కాలంలో బీదర్, నాందేడ్ వైపు కూడా పోతారు. పడక వ్యాన్‌లోనే, లేదంటే ఏ ఊరి బడి వరండాలోనో.

మొదటి కుస్తీకి బహుమతి కొబ్బరికాయ. అది పిల్లలది. పందెం పెరుగుతూ పోయి ఆఖరికి వెండి కడియం. మావాడు దానికే దిగాడు, మహారాష్ట్ర కుర్రాడి మీద. పావుగంటకి భుజం పట్టేసింది. "ఛోడ్ దే బేటా" అని అరిచాడు ఉస్తాద్. వినలేదు. వీపు నేలకి ఆనింది.

సాయంత్రం పిడిగుద్దులాట చూడకుండానే తిరుగుముఖం పట్టాం. కామారెడ్డి దగ్గర దాబాలో ఉస్తాదే డబ్బులిచ్చాడు. మావాడికి కుడిచెయ్యి లేవట్లేదు, ఎడమచేత్తో తినడు. పక్క కుర్రాడు ముద్ద కలిపి నోట్లో పెట్టాడు.

"మరి రేపు ఆటో?"

"తమ్ముడు నడుపుతడు సార్... నాలుగు రోజులు" అన్నాడు, నా వైపు చూడకుండా.