ఫ్లాప్ అవుతుందా అబ్బా?

మొన్న సెప్టెంబర్ 18, గురువారం మధ్యాహ్నం. డెస్కులో కూచుని పేజీ చూసుకుంటుంటే మా పెద్దోడి దగ్గర్నుంచి వరసగా మూడు ఫోన్లు. ఇంటర్ చదివే పిల్లాడు కాలేజీ టైములో అన్నిసార్లు ఫోన్ చేస్తే ఏ తండ్రికైనా దిల్ ధక్‌మంటుంది. అమ్మీకి ఏమన్నా అయిందేమోనని వరండాలోకి పరుగెత్తి ఎత్తాను.

"అబ్బా, దీపికని తీసేశారంట. కల్కి రెండో పార్టులో ఆమె లేదు. నిజమేనా? మీకు తెలిసే ఉంటుంది కదా?"

గట్టిగా తిడదామని నోరు తెరిచాను. కానీ వాడి గొంతు మామూలుగా లేదు. ఇంట్లో ఎవరో దూరమైనట్టు ఉంది. "నిజమే బేటా, నిర్మాతలే ఎక్స్‌లో పెట్టారు" అన్నాను. అవతల కాసేపు ఏ మాటా లేదు. ఆ తర్వాత, "ఫ్లాప్ అవుతుందా అబ్బా?"

కల్కి 2898 ఏడీ చూసినవాళ్లకి వాడి ఫికర్ అర్థమవుతుంది. కథంతా సుమతి కడుపులోని బిడ్డ చుట్టూ తిరుగుతుంది. ఆమెని కాపాడటానికే అశ్వత్థామ ఆరువేల ఏళ్లు చావకుండా కాచుకుని ఉన్నాడు. ఆ సుమతిగా చేసినావిడే లేకపోతే రెండో పార్టు ఎక్కణ్ణుంచి మొదలుపెడతారు? వేరే ఆవిణ్ణి పెడితే జనం ఒప్పుకుంటారా? పిల్లాడి సవాలుకి నా దగ్గర జవాబు లేదు.

ఈ భయం వాడికి కొత్త కాదు. ప్రభాస్ అభిమానం అంటేనే సగం మొహబ్బత్, సగం ఖౌఫ్. 2019లో సాహో వచ్చేసరికి వీడు పదేళ్లవాడు, దాని గురించి జనం అన్న మాటలు వినే వయసు అప్పుడే మొదలైంది. 2022లో రాధేశ్యామ్. ఆ ఏడాది అక్టోబర్‌లో ఆదిపురుష్ టీజర్ వచ్చినప్పుడు గ్రాఫిక్స్ చూసి దేశమంతా నవ్వింది. సంక్రాంతికి రావాల్సిన సినిమాని 2023 జూన్‌కి జరిపారు, అయినా నవ్వు ఆగలేదు. 2023 డిసెంబర్‌లో సలార్ వచ్చాక గానీ మావాడు ఊపిరి తీసుకోలేదు. అందుకే కల్కిని 2024 జనవరి 12 నుంచి మే 9కి, అక్కణ్ణుంచి జూన్ 27కి మార్చినప్పుడల్లా వాడికి ఒకటే వహమ్: "గ్రాఫిక్స్ సరిగ్గా రాలేదేమో." మే నెలలో మన రాష్ట్రంలో ఎన్నికలున్నాయిరా అని ఎంత చెప్పినా వినేవాడు కాదు. ఆరొందల కోట్ల ఖర్చని పేపర్లు రాశాయి. ఆ అంకె విన్నాక వాడికి నిద్ర పట్టలేదు, అప్పేదో వాడే చేసినట్టు. చివరికి వెయ్యి కోట్లు దాటిందని నిర్మాతలు ప్రకటించినప్పుడు మా ఇంట్లో సేమియా వండారు. ఈద్ కాదు, ఏమీ కాదు. మా ఆవిడ వండింది, నేను తిన్నాను. అబద్ధమెందుకు చెప్పాలి?

సాయంత్రం ఇంటికొచ్చి వాణ్ణి తీసుకుని జంక్షన్‌కి చాయ్‌కి వెళ్లాను. కూర్మన్నపాలెం జంక్షన్ మీకు తెలుసు కదా, హైవే మీద నుంచి స్టీల్ ప్లాంటుకి తిరిగే చోటు. 2021 జనవరిలో ప్లాంటుని అమ్మేస్తామని కేంద్రం అన్నాక, ఫిబ్రవరిలో కార్మికులు దీక్షలకి కూచున్నది ఇక్కడే. 1966లో ముప్పై రెండు మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ఫ్యాక్టరీ అది. మొన్న జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించినా, ఇక్కడ చాయ్ తాగేవాళ్ల ముఖాల్లో ఫికర్ పూర్తిగా పోలేదు. మా పక్క బెంచీ మీద ఇద్దరు అదే మాట్లాడుకుంటున్నారు. మూడో ఫర్నేస్, జీతాలు, కాంట్రాక్టు మనుషులు. వాళ్లముందు మావాడు దీపికా పదుకొనే కోసం కుమిలిపోతుంటే నాకు సిగ్గేసింది.

అప్పుడు మా అబ్బా గుర్తొచ్చారు. వెల్డింగ్ పనికని ఈ ఊరొచ్చి, ప్లాంటు కడుతున్న రోజుల్లో ఇక్కడే ఉండిపోయారు. 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్, గోదావరి అని పేరు పెట్టారు, దాన్ని వెలిగించే ముందు మా అబ్బా రోజుల తరబడి సరిగ్గా అన్నం తినలేదు. "మండుతుందా? మండాక ఆగిపోతే?" అదే ధ్యాస. ఆ ఫర్నేస్ ఆయనది కాదు. ఆయన వేసినవి ఏ మూలనో ఉన్న నాలుగు అతుకులు. అయినా అది ఫెయిలైతే తన ఇజ్జత్ పోతుందన్నట్టు తిరిగారు.

ఇది చెబితే పిల్లాడు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు.

ఫ్యాన్స్ గ్రూపు. ఆ మధ్యాహ్నం మావాడు "ఆమె లేకుండా పార్ట్ టూ కష్టం, నాకు భయంగా ఉంది" అని రాశాడు. కింద ఒకడి జవాబు: "నీకెందుకురా భయం? కల్కి మా దేవుడు. నువ్వెళ్లి మీ ఖాన్ల సినిమాలు చూసుకో."

దాని కింద ఎవరెవరో పెట్టిన నవ్వు బొమ్మలు. మొదటి రోజు మొదటి ఆటకి మావాడితో కలిసి హాల్లో కాగితాలు చల్లిన దువ్వాడ కుర్రాడు ఒక్కడే "తప్పు బ్రో, ఆ మాట తీసెయ్" అని రాశాడు. వాడు తీసెయ్యలేదు. మావాడు గ్రూపులోంచి బయటికి రాలేదు, మళ్లీ ఏమీ రాయనూ లేదు.

కాబట్టి నాకు ఫోన్ చేసి అడిగింది ఒక్క సినిమా గురించి కాదన్నమాట.

మర్నాడు జుమా. నమాజ్ అయ్యాక, మొహల్లా పెద్దాయన ఒకరు నా భుజం మీద చెయ్యి వేసి, ప్రేమగానే అన్నారు: "మీ సాహబ్‌జాదా ఆ అవతారం సినిమా పిచ్చిలో ఉన్నాడంట. కొంచెం చూసుకో మియాఁ." నేను జీ హా అన్నాను. ఆయనతో వాదించేంత చిన్నవాణ్ణీ కాదు, పెద్దవాణ్ణీ కాదు. కానీ ఇంటికి నడుస్తూ లెక్క వేసుకున్నాను. ఇరవై నాలుగు గంటల్లో మా పిల్లాడికి రెండు వైపుల నుంచీ ఒకటే మాట: అది నీది కాదు.

ఆ రాత్రి వాడికి రాహీ మాసూమ్ రజా గురించి చెప్పాను. బి.ఆర్. చోప్రా మహాభారత్ దూరదర్శన్‌లో ఆదివారం ఆదివారం వచ్చేది, 1988 నుంచి 1990 దాకా. దాని మాటలన్నీ రాసింది ఆయనే. ఆయన పేరు బయటికి రాగానే, ఈ పనికి ఒక ముసల్మానే దొరికాడా అని చోప్రాకి ఉత్తరాలు వచ్చిపడ్డాయట. మొదట కుదరదన్న రాహీ, చోప్రా పంపిన ఆ ఉత్తరాలు చదివాకే జిద్దుగా ఒప్పుకున్నాడని చెబుతారు. గాజీపూర్‌వాడు, గంగ ఒడ్డు మనిషి. ఆ కథ తనకి పరాయిదని ఆయన అనుకోలేదు. "నువ్వు కల్కిలో చూసిన అశ్వత్థామని మీ దాదీకి మొదట చూపించింది ఆయన రాసిన సీరియలే" అన్నాను. పిల్లాడు పేరు గూగుల్లో కొట్టి ఫొటో చూశాడు. ఇంకేమీ అనలేదు. నేనూ పొడిగించలేదు. పిల్లలు లెక్చర్‌ని వాసన పట్టేస్తారు.

నా సంగతి వాడికి చెప్పనిది ఒకటుంది, ఇక్కడ చెబుతాను. 1991 జులైలో ఆదిత్య 369 వచ్చింది. నేను ఉర్దూ మీడియం బడి కోసం వన్‌టౌన్‌లో నానీ ఇంట్లో ఉండేవాణ్ణి. తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం అంతంత మాత్రం. గోడ మీద పోస్టర్ ముందు నిలబడి, కుడి నుంచి ఎడమకి అలవాటైన కళ్లతో, ఎడమ నుంచి కుడికి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను: ఆ, ది, త్య. ఆ కింద త వత్తు కాదు, య వత్తని మామూ చెప్పాడు. టికెట్టూ ఆయనే కొన్నాడు. టైమ్ మెషీన్ కృష్ణదేవరాయల దగ్గరికి వెళ్లింది, అక్కణ్ణుంచి 2504కి వెళ్లింది, నేను వెనక్కి రాలేదు. తర్వాత తెలుగులో డిగ్రీ ఎందుకు చేశావని అడిగినవాళ్లకి ఏవేవో జవాబులు చెప్పాను గానీ, అసలు జవాబు ఆ గోడ మీద ఉంది. ఆ సినిమాకి రెండో భాగం ఆదిత్య 999 అని వింటూనే నాకు నలభై దాటాయి. తీస్తే పాడు చేస్తారేమో, తీయకపోతే ఎలా అని నేనూ ఎన్నోసార్లు అనుకున్నాను. దాన్ని తీసిన సింగీతం శ్రీనివాసరావు గారినే నాగ్ అశ్విన్ కల్కికి మెంటర్‌గా పెట్టుకున్నాడని తెలిసినప్పుడు నేను మనసులో షుక్ర్ అనుకున్నాను. ఎవరి తరఫున అనుకున్నానో నాకే తెలీదు.

రెండో పార్టు ఆడుతుందా? విలేకరిగా అడిగితే అనుమానమే. మొదటిదాంట్లో గంటసేపు నత్తనడక, కమల్ హాసన్ యాస్కిన్‌గా కనిపించింది కొద్ది నిమిషాలు. అసలు పోరంతా తర్వాతకి దాచారు. దాచినదాన్ని ఎక్కువ రోజులు దాస్తే పాడవుతుంది, ఇప్పుడు ముఖ్యమైన మనిషి కూడా వెళ్లిపోయింది. అయితే మన తెలుగులో ఇలాంటి సినిమా తీసే హిమ్మత్ ఉన్నవాళ్లు ఎందరున్నారు? ఇది పడిపోతే ఇంకో పాతికేళ్లు ఎవరూ ముట్టుకోరు. నాకున్న భయం అది. అది పిల్లాడికి చెప్పలేదు.

ఆదివారం అస్ర్ తర్వాత వాడు హాల్లో దాదీ పక్కన కూచుని ఫోన్‌లో కల్కి మళ్లీ పెట్టాడు. అమ్మీ తస్బీ చేతిలో పట్టుకునే కళ్లద్దాలు పెట్టుకుంది. అశ్వత్థామ తల మీద మణి లేని చోటు తెర మీద కనబడగానే ఆపమంది.

"బేటా, ఈ ముసలాయన గాయం రెండో దాంట్లో మానుతుందా?"

"ఏమో దాదీ. ఇంకా తీయలేదు."

"తీస్తారా?"

"తీస్తారు. ఇంషా అల్లా" అన్నాడు వాడు. తర్వాత గ్రూపు తెరిచి ఏదో రాయటం మొదలుపెట్టాడు.