చెమట పట్టే ట్యాంకు

సంక్రాంతి ముగ్గుల గురించో, పిల్లల తెలుగు బడి గురించో మేము ఏదైనా రాస్తామనుకున్న పాఠకులు మన్నించాలి. ఈసారి మా వ్యాసం మరుగుదొడ్డి గురించి. సరిగ్గా చెప్పాలంటే, కమోడ్ వెనక ఉండే ఫ్లష్ ట్యాంకుకు వేసవిలో పట్టే చెమట గురించి. నవ్వేవాళ్లు నవ్వండి గాని, జూలైలో ఒకసారి మీ ట్యాంకు అడుగున చెయ్యి పెట్టి చూసి, ఆ తరువాత నవ్వండి.

మన ఊళ్లలో ఈ బాధ ఎరగం. మేమిద్దరం డాక్టరీ చదువుకున్న కాకినాడ సముద్రం పక్కనే ఉంది, గాలిలో తేమకు కొదవ లేదు. అయినా అక్కడ ట్యాంకుకు చెమట పట్టగా చూసిన జ్ఞాపకం లేదు. తేడా గాలిలో కాదు, నీళ్లలో ఉంది. మే నెలలో డాబా మీది ట్యాంకు నుంచి కొళాయిలోకి దిగే నీళ్లకు చెయ్యి చురుక్కుమంటుంది. ఇక్కడ మిషిగన్‌లో మా చిన్న ఊళ్లో ఇంటింటికీ బోరు నీళ్లే. వేసవైనా శీతాకాలమైనా ఇంచుమించు 50 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో ఉంటాయి. ఆ నీళ్లు నిండగానే పింగాణీ గోడ చల్లబడుతుంది. దాన్ని తాకిన వెచ్చని గాలి తన తేమను అక్కడ వదిలేస్తుంది. ఐసులోంచి తీసి బల్ల మీద పెట్టిన గోళీ సోడాకు బయట పట్టే బొట్లు ఇవే. మన మట్టికూజా తడి మాత్రం వేరు. అది లోపలి నీరే బయటికి ఊరి, ఆరిపోతూ కూజాను చల్లబరుస్తుంది. ట్యాంకు తడి బయటి గాలిది.

కొంచెం లెక్క చెబుతాం, ఓపిక పట్టండి. ఇంట్లో 78 డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉన్నాయనుకోండి. అప్పుడు 65 డిగ్రీలకంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీరు చేరుతుంది. ఈ హద్దునే డ్యూ పాయింట్ అంటారు. అదే వేడిలో తేమను 45 శాతానికి దించితే హద్దు 55కు దిగుతుంది. నీళ్లు 50లోనే ఉన్నాయి కాబట్టి ఫ్లష్ చేసిన కొత్తలో కాస్త తడి కనబడుతుంది గాని, ట్యాంకులో నీళ్లు వెచ్చబడేసరికి అది ఆరిపోతుంది.

ఇంత లోతుకు మేము ఎందుకు దిగవలసి వచ్చిందో కూడా చెప్పాలి. మామయ్యగారు, అత్తయ్యగారు జూన్‌లో వచ్చారు. మామయ్యగారికి డెబ్బై నాలుగు. ఆ వయసు మగవాళ్లలో చాలామందికి లాగే ప్రోస్టేట్ ఇబ్బంది ఉంది, రాత్రి మూడుసార్లు లేస్తారు. తెల్లవారేసరికి కమోడ్ పక్కన నేల మీద నీళ్లు. అత్తయ్యగారు ఎవరికీ చెప్పకుండా పాత తువ్వాలుతో తుడిచేసేవారు. ఆయన కూడా ఏమీ అనలేదు గాని, ముందు రాత్రి మజ్జిగ మానేశారు, తరువాత సాయంత్రం నాలుగు దాటితే మంచినీళ్లు కూడా మానేశారు. జూలై చివర్లో ఒకరోజు మంచం మీంచి లేవగానే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నారు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూస్తే సంగతి అర్థమైంది, ఒంట్లో నీరు చాలడం లేదు. ఎందుకు తాగడం లేదో ఆయన నోట చెప్పించడానికి మాకు ఒక రోజు పట్టింది. "నేల మీద పోసుకునే స్థితికి వచ్చానమ్మా, మీకెలా చెప్పను" అన్నారు.

ఆయన అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాం. "నాలాంటి వాళ్లు ఇంకెంతమంది ఉన్నారో, రాయండి" అన్నారు.

నేల మీద నీళ్లు ఎక్కడివో తేల్చే పరీక్ష చాలా సులువు. మిఠాయిల్లో వేసే రంగు ట్యాంకులో పదిహేను ఇరవై చుక్కలు వెయ్యండి. నీలమో ఆకుపచ్చో వెయ్యండి, ఎరుపు వద్దు. పెద్దవాళ్లు రక్తమనుకుని హడలిపోతారు. నేల, ట్యాంకు బయటి గోడలు పొడిగా తుడిచి, ట్యాంకు కింద తెల్ల కాగితం పరవండి. ఒక అరగంట ఎవరూ ఫ్లష్ చేయకూడదు. కాగితం మీద రంగు నీళ్లు పడితే బోల్టుల దగ్గరో మరోచోటో కారుతున్నట్టు. మామూలు నీళ్లు పడి, ట్యాంకు ఒళ్లంతా బొట్లు ఉంటే చెమట. నీళ్లు కమోడ్ మొదట్లోంచి, అదీ ఫ్లష్ చేసినప్పుడే వస్తుంటే అడుగున ఉండే మైనపు వలయం చెడిందేమో చూడాలి. ఈ పరీక్ష మామయ్యగారి ఎదుటే చేశాం. కాగితం మీద పడ్డ చుక్కల్లో రంగు లేదు. ఆయన కాగితాన్ని కిటికీ వెలుతురులో పెట్టి రెండు వైపులా చూసుకున్నారు. ఆ రాత్రి మజ్జిగ రెండుసార్లు అడిగి తాగారు.

అదే పరీక్షలో ఇంకో సంగతి బయటపడింది. ఎవరూ ఫ్లష్ చేయకుండానే కమోడ్ గిన్నెలో నీలిరంగు కనిపించింది. ట్యాంకు అడుగున ఫ్లాపర్ అనే రబ్బరు మూత అరిగి, నీరు సన్నగా జారుతోందన్నమాట. జారినంతా నింపడానికి చల్లని నీరు వస్తూనే ఉంటుంది, ట్యాంకు ఎప్పటికీ వెచ్చబడదు. ఇంట్లో మనుషులు పెరిగినా ఇదే జరుగుతుంది. ఇద్దరుండే ఇంట్లో నలుగురైతే ఫ్లష్‌లు రెట్టింపు, చల్లదనమూ రెట్టింపు. ఊరినుంచి పెద్దవాళ్లు వచ్చిన వేసవిలోనే ఈ తడి కనబడడం, అనుమానం వాళ్ల మీదికి పోవడం యాదృచ్ఛికం కాదు. పాత కమోడ్ ఉన్న ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. ఫ్లష్‌కు 1.6 గాలన్లు మించకూడదని 1992లో చేసిన ఫెడరల్ చట్టం 1994లో అమలులోకి వచ్చింది. అంతకు ముందువి 3.5 గాలన్లు, కొన్ని ఇంకా ఎక్కువ వాడేవి.

ఇక మందుల సంగతి. ట్యాంకుకు గుడ్డ తొడుగులు అమ్ముతారు. అవి నాని బూజు పట్టడం తప్ప ఉపయోగం లేదని మా అభిప్రాయం. కింద పెట్టే పళ్లెం నొప్పికి మాత్ర లాంటిది, జబ్బు అలాగే ఉంటుంది. ముందు ఫ్లాపర్ మార్చండి, అది చవక. తరువాత గాలిలో తేమ తగ్గించండి. ఇక్కడే మన అలవాటు అడ్డొస్తుంది. తడి కనబడితే కిటికీలు బార్లా తెరవడం మనకు చిన్ననాటి పాఠం. ఉక్కగా ఉన్న రోజున అలా తెరిస్తే బయటి తేమంతా లోపలికి పిలిచినట్టే. ఈ విషయంలో అత్తయ్యగారికీ మాకూ వారం రోజులు వాదన నడిచింది. చివరికి చిన్న తేమ మీటరు ఒకటి కొని గోడకు తగిలించాం. కిటికీ తెరిస్తే ముల్లు ఎటు పోతుందో ఆవిడే చూసి, ఇప్పుడు మమ్మల్నే తెరవనివ్వడం లేదు. తేమ 60 శాతం లోపు, వీలైతే 30 నుంచి 50 మధ్య ఉంచమని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. బూజుకూ ఉబ్బసానికీ ఉన్న చుట్టరికం తెలిసినవాళ్లం కనుక మేమూ అదే చెబుతాం. పప్పుచారు మరుగుతున్నప్పుడు పొయ్యి మీది ఫ్యాను, స్నానమయ్యాక అరగంట బాత్రూం ఫ్యాను వెయ్యండి. ఆ ఫ్యాను గొట్టం ఇంటి బయటికి పోతోందా, అటక మీదే ఆగిపోయిందా అన్నది కూడా చూసుకోండి. తడిబట్టలు ఇంట్లో ఆరేయకండి. డీహ్యూమిడిఫయర్ పెడితే ఇంకా మంచిది.

ఇవన్నీ చేసినా బొట్లు ఆగకపోతే ట్యాంకు లోపలి గోడలకు అర అంగుళం మందం ఫోమ్ పలకలు అంటించవచ్చు. వేడినీళ్లు కొంచెం కలిపే వాల్వు కూడా దొరుకుతుంది గాని, దానికి ప్లంబరు కావాలి, ప్రతి ఫ్లష్‌కూ వేడినీళ్ల ఖర్చు. మేము పలకలే వేశాం. తేలే బుడగకూ రబ్బరు మూతకూ అవి తగలకూడదు. నేలను మాత్రం ఉపేక్షించకండి. కమోడ్ చుట్టూ నేల మెత్తగా అనిపిస్తే కింది ప్లైవుడ్ కుళ్లుతోందన్నమాట. అర్ధరాత్రి నిద్రకళ్లతో వచ్చే పెద్దవాళ్లకు తడి టైలు ఎంత ప్రమాదమో, తుంటి విరిగి ఆసుపత్రికి వచ్చినవాళ్లను చూసే మాకు ఒకరు చెప్పనక్కరలేదు.

పలకలు వేయదలచుకున్నవాళ్లు ఏప్రిల్‌లోనే ఆ పని పెట్టుకోండి. ట్యాంకు ఖాళీ చేసి, లోపల బాగా ఆరనిచ్చి, నీళ్లకు ఊడని సిలికోన్ జిగురుతో అంటించి, ఒక పూర్తి రోజు వదిలేయాలి. ఇంట్లో బాత్రూం ఒకటే ఉంటే ఆ రోజుకు పక్కింటివాళ్లతో ముందే మాట్లాడుకోండి.