మురమళ్ళ గట్టు మీద మావయ్య పికప్పు

మురమళ్ళ అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది పెళ్ళే. వృద్ధ గౌతమి ఒడ్డున భద్రకాళీ వీరేశ్వరస్వామి గుడిలో రోజూ కల్యాణం జరుగుతుంది. పెళ్ళి కుదరనివాళ్ళు ఇక్కడ కల్యాణం చేయిస్తే కుదురుతుందని నమ్మకం. అందుకే హైదరాబాద్ నుంచీ, బెంగళూరు నుంచీ కూడా కార్లు వస్తాయి. కాకినాడ వైపు నుంచి వచ్చేవాళ్ళు యానాం దాటి, బాలయోగి వంతెన ఎక్కి, యెదుర్లంక మీదుగా ఊళ్ళోకి వస్తారు. కల్యాణం, ఫొటోలు, దార్లో ఓ కొబ్బరిబొండాం. ఆ తర్వాత వెనక్కి.

ఆ కార్ల పక్క నుంచి రోజంతా ఇంకో రకం బళ్ళు పోతుంటాయి. బొలేరో పికప్పులు, టాటా ఏస్‌లు, దోస్త్‌లు. ఒకదాని మీద కొబ్బరికాయలు, ఇంకోదాని మీద రొయ్యల మేత బస్తాలు, మరోదాని మీద ఐసునీళ్ళు కారుతున్న ప్లాస్టిక్ ట్రేలు. పెళ్ళిళ్ళ సీజన్‌లో షామియానా గుంజలు, వంట గిన్నెలు. ఊరికి పేరు తెచ్చింది గుడి. ఊరి సరుకును కదిలించేది మాత్రం ఈ బళ్ళు.

మా మావయ్యది అలాంటి ఓ పికప్పు. లావు టైర్లు, ఎత్తు పెంచే కిట్లు ఏమీ లేవు. కంపెనీ నుంచి ఎంత ఎత్తులో వచ్చిందో అంతే ఎత్తు. ఆదివారం కూడా ఖాళీగా ఉండదు. ఈ మధ్య దాని సస్పెన్షన్ పూర్తిగా అరిగిపోయింది. వర్క్ ఫ్రమ్ హోమ్ పేరుతో నేనప్పుడు మావయ్య ఇంట్లోనే ఉన్నా. బండి పని మీద ఆయనతో తిరిగిన వారంలో, గుడికొచ్చే కార్లకు కనిపించని మురమళ్ళ చూశా.

నున్నటి ఊళ్ళో గతుకులు

ఇక్కడ కొండల్లేవు, ఘాట్ రోడ్లు లేవు. రీల్స్‌లో చూస్తే రెండు వైపులా కొబ్బరిచెట్లు, మధ్యలో నల్లటి రోడ్డు. 216వ నంబరు జాతీయ రహదారి వరకు అది నిజమే. రహదారి దిగి చెరువుల వైపో, తోటల వైపో తిరిగితే అసలు సంగతి తెలుస్తుంది.

డెల్టా అంటే గోదావరి వేల ఏళ్ళుగా తెచ్చిపోసిన ఒండ్రుమట్టి. ఇక్కడి బంకనేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. దాని మీద వేసిన తారు కూడా దాంతోపాటే కదులుతుంది. పైగా లోపలి రోడ్లు చాలాచోట్ల కాలువగట్లే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా కాలువలు పొలాలకు నీళ్ళివ్వడమే కాదు, పడవలకు దారులు కూడా అయ్యాయి. ఒకప్పుడు ధాన్యమైనా కొబ్బరికాయైనా నీటి మీదే పోయేది. నీటికి గుంతలుండవు కదా! సరుకు పడవ దిగి చక్రాల మీదికి ఎక్కాక, కాలువ పక్కన గట్టే రోడ్డయింది.

గట్టు రోడ్డుకి ఓ గుణం ఉంది. కాలువ వైపు అంచు నెమ్మదిగా కిందకి జారుతుంది. దాంతో బండి ఒక పక్కకి వాలి నడుస్తుంది. ఏళ్ళ తరబడి ఆ బరువంతా ఒకే వైపు పడుతుంది. మావయ్య బండిని చదును నేల మీద ఆపి వెనక నుంచి చూస్తే, ఎడమవైపు రెండు వేళ్ళ మందం కిందకి ఉంది.

దీనికి ఉప్పు తోడు. సముద్రం దగ్గర కాబట్టి గాలిలోనే ఉప్పుంటుంది. రొయ్యల చెరువుల్లోనూ ఉప్పునీరే. ట్రేల నుంచి కారే నీళ్ళు తిన్నగా వెనక ఇరుసు మీద పడతాయి. కమాన్ పట్టీల సందుల్లో నిలిచి తుప్పు పట్టిస్తాయి. తుప్పు తిన్న గుంట దగ్గరే ఉక్కుకి పగులు మొదలవుతుంది.

కమాను మోస్తుంది, షాకబ్జర్ ఆపుతుంది

అమలాపురంలో కమాన్ పని చేసే ఓ షెడ్డుకి తీసుకెళ్ళాం. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. బండి కిందకి దూరకముందే ఒక ప్రశ్న వేశాడు.

"ఖాళీగా వచ్చేటప్పుడు ఎగురుద్దాండీ, లోడుతోనా?"

"ఆయ్, రెండిట్లోనూనండి" అన్నాడు మావయ్య.

నేను చదివింది బీటెక్ మెకానికల్. ఇప్పుడు కోడ్ రాసుకుని బతుకుతున్నా. స్ప్రింగ్ ఫార్ములా పరీక్షలో రాశా కానీ, విప్పిన కమాన్ కట్టను పక్కన కూర్చుని చూడటం ఇదే మొదటిసారి. పొడవాటి ఉక్కు పట్టీలను ఒకదాని కింద ఒకటి పేర్చి, మధ్యలో ఒక బోల్టు గుచ్చి, యూ బోల్టులతో ఇరుసుకి బిగిస్తారు. అన్నిటికన్నా పైనున్నది మెయిన్ పట్టీ. దాని చివరలు గుండ్రంగా చుట్టి ఉంటాయి. వాటిలో రబ్బరు బుష్‌లు కూర్చోబెట్టి ఛాసిస్‌కి తగిలిస్తారు. బండి సరుకంతా మోసేది ఈ కట్టే.

మా బండికి ఎడమవైపు మూడో పట్టీ విరిగి ఉంది. మిగతావి విల్లులా వంగి ఉండాల్సింది పోయి దాదాపు తిన్నగా అయిపోయాయి. వంపు పోతే, గుంతలో పడ్డప్పుడు ఇరుసు పైకి కదలడానికి చోటు ఉండదు. వెంటనే రబ్బరు దిమ్మకి గుద్దుకుంటుంది. 'ధడ్' అని మన నడుముకి తగిలేది ఆ దెబ్బే. బుష్‌లు నలిగిపోయి ఉన్నాయి. షాకబ్జర్లు నూనె కక్కి, దాని మీద దుమ్ము పట్టి ఉన్నాయి.

"షాకబ్జర్లు మంచివి వేసేస్తే సరిపోదా మేస్త్రి గారూ?" అనడిగా.

"కమాను మోస్తాదండి. షాకబ్జరు ఆపుతాదండి. ఎవరి పని వాళ్ళదే బాబూ."

కాలేజీలో ఒక సెమిస్టర్ పట్టిన పాఠం ఇంత చిన్న మాటలో వచ్చేసింది. గుంతలో పడ్డప్పుడు స్ప్రింగ్ ఆ శక్తిని దాచుకుని తిరిగి వదులుతుంది. ఆపేవాడు లేకపోతే బండి ఊగుతూనే ఉంటుంది. షాకబ్జర్‌లో పిస్టన్ నూనెని సన్నటి రంధ్రాల్లోంచి నెడుతుంది. ఊపులో ఉన్న శక్తి అక్కడ వేడిగా మారిపోతుంది. నూనె కారిపోయిందంటే చక్రం నేల మీద గెంతుతూ పోతుంది. గెంతే చక్రానికి బ్రేక్ సరిగ్గా పట్టదు. అంటే ఇది కూర్చునే సుఖానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. పక్కనే కాలువ ఉన్న రోడ్డు మీద ప్రాణానికి సంబంధించింది.

లావు పట్టీ లెక్క

బండి షెడ్డులో ఉండగానే, మావయ్యకి అంబాజీపేట మార్కెట్ లోడు ఇచ్చే వ్యాపారి ఫోన్ చేశాడు. "ఎలాగూ విప్పారు కదా, అటొకటి ఇటొకటి లావు పట్టీ వేయించెయ్. ట్రిప్పుకి ఇంకో ఐదొందల కాయ ఎక్కుద్ది" అన్నాడు. వలిచిన కాయ ఒక్కోటి అరకిలో పైనే ఉంటుంది. అంటే పావుటన్ను పైమాటే.

ఫోన్ పెట్టేసి మావయ్య నా వైపు చూశాడు. "అల్లుడూ, చదువుకున్నావు కదా, చెప్పు."

నోట్‌ప్యాడ్ తీశా. పట్టీ గట్టిదనం దాని మందానికి ఘనంలో పెరుగుతుంది. 8 మిల్లీమీటర్ల పట్టీ బదులు 10 మిల్లీమీటర్లది వేస్తే గట్టిదనం పావువంతు కాదు, దాదాపు రెట్టింపు అవుతుంది. అంటే ఆరు పట్టీల కట్టకి అలాంటిదొకటి కలిపితే, రమారమి ఎనిమిది పట్టీలతో సమానం. లోడు నిండుగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. కానీ మావయ్య ప్రయాణంలో సగం ఖాళీ బండే. ఖాళీ బండి కింద గట్టి కమాను ఉంటే ప్రతి గతుకూ నేరుగా డ్రైవర్ సీటుకి వస్తుంది. ఆ సీట్లో కూర్చునేది రెండేళ్ళుగా నడుముకి బెల్టు కట్టుకుని తిరుగుతున్న మనిషి.

ఇంకో విషయం. పట్టీ కలిపితే కమాను గట్టిపడుతుంది కానీ బ్రేకులు, టైర్లు, ఇరుసు, ఛాసిస్ మారవు. ఆర్సీలో రాసిన బరువూ మారదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ఓవర్‌లోడ్‌కి 20,000 రూపాయల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకీ ఇంకో 2,000.

రోడ్డు కట్టే జరిమానా వేరే ఉంది. అమెరికాలోని ఇల్లినాయ్‌లో 1958 నుంచి 1960 దాకా రకరకాల బరువులతో లారీలను రోడ్ల మీద తిప్పి చూశారు. రోడ్డుకి జరిగే నష్టం ఇరుసు బరువుకి సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుందని అక్కడ తేలింది. బరువు రెట్టింపైతే నష్టం పదహారు రెట్లు. మన గట్టు రోడ్డు తట్టుకోలేకపోతుందని అంటాం కానీ, దాని గుంతల్లో కొన్ని మన అదనపు పట్టీలు తవ్వినవే. ఆ గుంతలే మళ్ళీ మన కమానుని విరుస్తాయి.

ఎత్తు ఎవరికి, బరువు ఎవరికి

షెడ్డులో పక్క బండి కుర్రాడు ఇంకో సలహా ఇచ్చాడు. ఇరుసుకీ కమానుకీ మధ్య దిమ్మ వేసి రెండంగుళాలు లేపమన్నాడు. చూడ్డానికి బాగుంటుంది, కింద తగలదు అని. మావయ్య ఆలోచించకుండానే వద్దన్నాడు. ఎందుకో మర్నాడు తోటలో అర్థమైంది.

దింపు అయ్యాక, వలుపు అయ్యాక కాయల్ని బండిలోకి ఎక్కించేది జట్టు కూలీలు. గంప నింపడం, భుజానికెత్తడం, తొట్టిలోకి వంచడం. ఇప్పుడున్న ఎత్తుకే చేతులు ఛాతీ దాటి లేస్తున్నాయి. ఎత్తు పెంచే సంగతి చెబితే జట్టు పెద్దాయన నవ్వాడు. "రెండంగుళాలు పెంచితే మీకేం పోద్దండి బాబూ. రోజుకి వందసార్లు ఎత్తేది మేం కదా!"

వాలిన గట్టు మీద ఎత్తైన బండి, దాని మీద కుప్పపోసిన కాయలు. బరువు పైకి జరిగే కొద్దీ పక్కకి పడే ప్రమాదం పెరుగుతుంది. ఆ లెక్క మావయ్యకి ఫార్ములా లేకుండానే తెలుసు.

చివరికి చేయించిన పని ఇది. రెండు వైపులా కొత్త మెయిన్ పట్టీలు. విరిగిన దాని స్థానంలో అదే మందంలో కొత్తది, ఇటువైపు కూడా జోడీగా మరొకటి. మిగిలినవాటికి తుప్పు గీకి, కొలిమిలో పెట్టి మళ్ళీ వంపు తెచ్చారు. బుష్‌లు, పిన్నులు, యూ బోల్టులు అన్నీ కొత్తవి. ఒకసారి సాగిన యూ బోల్టు మళ్ళీ వాడకూడదని మేస్త్రి పట్టుబట్టాడు. నాలుగు షాకబ్జర్లు కంపెనీ కొలతవే. మొత్తం ఖర్చు ఓ మధ్యరకం ఫోన్ ధరంత. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ వచ్చి బోల్టులు బిగించుకోమన్నాడు. వెళ్ళి బిగించుకున్నాం.

మీ ఇంట్లో కూడా ఇలాంటి బండి ఉంటే షెడ్డుకి వెళ్ళకముందే కొన్ని చూసుకోవచ్చు. చదును నేల మీద ఆపి, చక్రం మధ్య నుంచి పైన బాడీ అంచు దాకా రెండు వైపులా టేపుతో కొలవండి. షాకబ్జర్ మీద నూనె తడి ఉందేమో చూడండి. టైరు ఒకేలా కాకుండా అక్కడక్కడా గుంటలుగా అరిగిందా? గతుకులో 'టక్' మని ఇనుము చప్పుడు వస్తోందా? వస్తే బుష్‌లు చూపించండి. ఏది మార్చినా రెండు వైపులా మార్చండి.

మావయ్య నడుంనొప్పి పోలేదు. కమాను మార్చితే డిస్క్ బాగుపడదు. కానీ ఇదివరకు సాయంత్రం బండి దిగేటప్పుడు తలుపు పట్టుకుని ఓ నిమిషం అలాగే నిలబడేవాడు. ఇప్పుడు తిన్నగా దిగి కాళ్ళు కడుక్కోడానికి వెళ్తున్నాడు.

లావు పట్టీ వెయ్యనన్నాక ఆ వ్యాపారి మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. నెలకి కొన్ని ట్రిప్పులు పోయాయి. "బండి అప్పు తీరిపోయింది కాబట్టి వద్దనగలిగాను అల్లుడూ" అన్నాడు మావయ్య. ఆ లోడు ఇప్పుడు మా వీధి చివరి కుర్రాడి బండి మీద పోతోంది. అతనికి ఇంకా మూడేళ్ళ ఈఎమ్ఐ ఉంది. మొన్న టీ కొట్టు దగ్గర ఆ బండి వెనక పట్టీలు లెక్కపెట్టా. తొమ్మిది. తాగడం అయ్యాక అతను లేస్తూ, నడుం మీద చెయ్యి పెట్టుకున్నాడు. వయసు ఇరవై నాలుగు.