గుర్రాలకు కాళ్లు పట్టే చదువు

తమిళ బడిలో చదివి, రైల్వేలో గుమాస్తాగా రిటైరైనవాళ్లం. మా తెలుగులో తప్పులుంటే మన్నించండి.

పోయిన ఉగాది నాడు సంఘం భోజనాల్లో మా మనవరాలిని ఎవరో ఏం చదువుతావని అడిగారు. "జంతువులకు ఫిజియోథెరపీ చేస్తాను. గుర్రాలకు కూడా" అంది. "గుర్రాలకు కాళ్లు పట్టడానికా ఇంత చదువు?" అని మేమే ముందు నవ్వాం. తర్వాత అందరూ నవ్వారు. పిల్ల తల వంచుకొని విస్తరి ముందు నుంచి లేచిపోయింది.

ఆ నెలలోనే మా వీధి కుక్కను బండి గుద్దింది. వెనక కాళ్లు పడిపోయాయి. ఇక బతకదన్నాం. పశువుల డాక్టరు ఎముక విరగలేదని చూసి, చేయించాల్సినవి పిల్లకు చూపించారు. పాత తువ్వాలు దాని పొట్ట కింద వేసి, నడుము ఎత్తి పట్టుకొని రోజూ రెండు పూటలా నడిపించింది. కాళ్లు మెల్లగా ముడిచి చాపేది. ఆరు వారాలకు అది తనంతట తాను నిలబడింది. నడక వంకరే, కానీ అన్నం గిన్నె దగ్గరికి మాకంటే ముందే వస్తుంది.

మన చంద్రపూర్ జిల్లా పులి సాహెబ్‌రావ్ మీకు గుర్తుండే ఉంటుంది. 2012లో వేటగాళ్ల ఉచ్చులో పడి ముందు కాలి పంజా పోగొట్టుకుంది. 2020 జనవరిలో నాగ్‌పూర్ గోరేవాడలో డాక్టర్లు కృత్రిమ పాదం అమర్చారు. మత్తు దిగగానే విదిలించి పారేసింది. మనిషికైతే ఓర్చుకోమని చెప్తాం. నోరు లేనిదానికి ఎలా చెప్తాం? దాని నొప్పి ఎక్కడుందో చేత్తో తెలుసుకొని, అది ఒప్పుకునేలా చేయడమే ఈ విద్య.

దారి కూడా కనుక్కున్నాం. ముందు నీట్ రాసి బి.వి.ఎస్సీ. ఇంటర్న్‌షిప్‌తో అయిదున్నరేళ్లు. కాలేజీ నాగ్‌పూర్‌లోనే ఉంది. ఆ తర్వాత సర్జరీలో ఎం.వి.ఎస్సీ చేయవచ్చు. ఇంగ్లండులోనైతే మనుషుల ఫిజియోథెరపీ చదివినవాళ్లు కూడా పైశిక్షణతో ఈ పనికి వస్తారు, పశువైద్యుడి సూచన మీదే చేస్తారు. పందెపు గుర్రాలు హైదరాబాదు మలక్‌పేటలో, పుణెలో, ముంబైలో ఉన్నాయి. మధురలో 2018 నుంచి ఏనుగులకే ఆస్పత్రి ఉంది.

పెళ్లికని దాచిన ఎఫ్.డి.ని చదువుకు తీశాం. "పశువుల డాక్టరమ్మకు సంబంధం వస్తుందా?" అని అడిగినవాళ్లున్నారు. రాకపోతే చూద్దాం.

పిల్ల నీట్ రాసింది. ఫలితం రావాలి. ఇంట్లో క్షమాపణ చెప్పుకున్నాం. కానీ నవ్వింది మీ అందరి ముందు కాబట్టి, మీ అందరి ముందూ చెప్తున్నాం: తప్పు మాదే, తల్లీ.