గురువు వద్ద సెలవు

తెలుగువారి ఇళ్ళలో గడప దాటేవారు "వెళ్తాను" అనరు, "వెళ్ళివస్తాను" అంటారు. ఎవరైనా ఏమరుపాటున "వెళ్తున్నాను" అంటే, ఇంట్లోని పెద్దవారు "వెళ్ళొస్తాను అనాలి" అని వెంటనే సరిదిద్దుతారు. సెలవు అనే మాట కూడా చిత్రమైనదే. పనిలేని దినం సెలవు. పెద్దలు పలికిన పలుకు సెలవు. "గురువుగారు ఇలా సెలవిచ్చారు" అంటే ఇలా చెప్పారని అర్థం. వెళ్ళడానికి పొందే అనుమతి కూడా సెలవే. పూర్వం గురుకులంలో చదువు ముగించిన శిష్యుడు ఇంటికి మరలేటప్పుడు సమావర్తనమనే సంస్కారం జరిగేది. ఆ సందర్భంలో స్నానం చేసినవాడు స్నాతకుడు. మన విశ్వవిద్యాలయాలు జరిపే స్నాతకోత్సవానికి ఆ పేరు అక్కడి నుండి వచ్చినదే. చదువు పూర్తయినవాని కోసం ఇంత ఏర్పాటు ఉన్నది. గురువు మీద కోపం లేకుండా, చదువు మీద విరక్తి లేకుండా, మరొక విద్యను కోరి వెళ్ళదలచినవాడు ఎలా సెలవు తీసుకోవాలి? 2018లో నాకు ఈ ప్రశ్న ఎదురైంది.

నేను కరాటే నేర్చుకోవడం 1999లో మొదలుపెట్టాను. అప్పుడు ఏడవ తరగతి చదువుతున్నాను. రాజమహేంద్రవరంలో గోదావరి గట్టుకు దగ్గరగా ఉన్న ఒక పాఠశాల ఆవరణలో, వేపచెట్టు కింద, ఉదయం అయిదున్నరకు తరగతి మొదలయ్యేది. నేర్పేవారిని జపాను భాషలో సెన్సే అంటారు. ముందుగా పుట్టినవారు అని ఆ మాటకు అర్థం. మాకు మాత్రం ఆయన మాస్టారే. పగలు ఒక రైసుమిల్లులో లెక్కలు రాసేవారు. తెల్లవారుజామున మాకు పిడికిలి బిగించడం నేర్పేవారు. నేను చేరిన నాటికి నెలకు ముప్పై రూపాయలు ఫీజు. ఇవ్వలేని పిల్లలను ఆయన ఏనాడూ అడగగా నేను చూడలేదు. ఇవ్వగలిగి ఇవ్వనివారిని మాత్రం అందరిలో అడిగేవారు. పత్తొమ్మిది సంవత్సరాలలో నేను అక్కడ తెల్లబెల్టు నుండి నల్లబెల్టుకు వచ్చాను, ఉద్యోగస్తుడినయ్యాను, పెళ్ళి చేసుకున్నాను. చివరి ఎనిమిదేళ్ళు కొత్తగా చేరిన చిన్నపిల్లల తరగతిని నేనే నడిపాను. మాస్టారి కుమారుడు బెంగుళూరులో స్థిరపడ్డాడు. ఆయనకు అరవై దాటాయి. తరువాత ఆ చెట్టు కింద నిలబడేది నేనేనని అందరూ అనుకునేవారు. ఎవరూ నోటితో అనలేదు. అందువల్ల కాదనడానికి కూడా వీలులేకపోయింది.

ఒకనాడు పనిమీద వెళ్ళినచోట జూడో సాధన చూశాను. కరాటే దూరం నుండి చేసే యుద్ధం. చేయి చాచినంత, కాలు చాచినంత దూరంలో ప్రత్యర్థి ఉండాలి. జూడోలో ఇద్దరూ ఒకరి దుస్తులను ఒకరు పట్టుకునే ఉంటారు. ఎదుటివాని బరువు ఎటు ఒరుగుతున్నదో కళ్ళతో కాక చేతులతో తెలుసుకుంటారు. నాకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడైన ఒక కుర్రవాడు సరదాగా నా చొక్కా పట్టుకున్నాడు. మరుక్షణం నేను నేలమీద ఉన్నాను. నొప్పికంటె ఆశ్చర్యమే ఎక్కువ కలిగింది. ఏమి జరిగిందో తెలియకపోవడమనే ఆనందం నాకు చాలాకాలంగా దూరమైంది. నెలలు గడిచినా ఆ కోరిక తగ్గలేదు. ఆ జూడో తరగతి కూడా ఉదయం వేళే. రెండు చోట్ల ఉండడం సాధ్యం కాదు.

యుద్ధవిద్యలలో శిష్యులు విడిపోవడం కొత్త సంగతి కాదు. మా ఊళ్ళోనే మాస్టారిని ఇద్దరు సీనియర్లు విడిచిపెట్టారు. ఒకతను ఒక సోమవారం నుండి రావడం మానేశాడు, అంతే. రెండవ అతను రెండు వీధుల అవతల సొంతంగా తరగతి పెట్టి, ఇరవైమంది పిల్లలను తీసుకువెళ్ళాడు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే మాస్టారూ అతనూ చెరొక వైపు చూసేవారు. ఇది మా చిన్న ఊరి జబ్బేమీ కాదు. ఒకినావా దీవి నుండి కరాటేను జపాను ప్రధాన భూభాగానికి తెచ్చి వ్యాప్తి చేసినవారిలో ప్రముఖుడు గిచిన్ ఫునాకోషి. 1957లో ఆయన మరణించినప్పుడు, అంత్యక్రియలు ఎవరు నిర్వహించాలన్న విషయం మీదనే శిష్యవర్గాలు తగవుపడ్డాయి. గురువు భౌతికకాయం సాక్షిగా మొదలైన ఆ చీలిక పూడలేదు.

అయితే అదే ఫునాకోషి జీవితంలో ఇందుకు భిన్నమైన ఉదాహరణ ఉన్నది. ఆయనకు ఇద్దరు గురువులు: అజాతో, ఇతోసు. ఇద్దరూ ప్రాణమిత్రులు. తమ శిష్యుడు మరొకరి దగ్గర నేర్చుకుంటే తమ గౌరవం తగ్గుతుందని వారు అనుకోలేదు. పైగా, ఎవరు దేనిలో నేర్పరులో చెప్పి, వారి వద్దకు వారే పంపేవారని ఫునాకోషి తన ఆత్మకథలో రాసుకున్నారు. 1922లో ఆయన టోక్యోకు వచ్చినప్పుడు జూడో స్థాపకుడు జిగోరో కానో ఆయనను తన కోడోకాన్ విద్యాలయానికి ఆహ్వానించి కరాటే ప్రదర్శన చేయించారు. నేడు కరాటే సాధకులు వేసుకునే తెల్లని దుస్తులు, నడుముకు కట్టే బెల్టు జూడో నుండి స్వీకరించినవే. ఆ కానోయే 1930లో మొరిహెయ్ ఉయెషిబా విద్యను చూసి ముగ్ధుడై, తన శిష్యుడైన మినోరు మొచిజుకి వంటివారిని ఆయన వద్ద నేర్చుకొమ్మని పంపారు. ఈ సంగతులు నాకు ధైర్యమిచ్చాయనే చెప్పాలి. కాని చరిత్రలోని గురువులు వేరు, మన ఎదుట కూర్చుని టీ తాగుతున్న గురువు వేరు.

నేను ఒక నిర్ణయం మాత్రం గట్టిగా చేసుకున్నాను. ఈ మాట మొదట వినవలసినవారు మాస్టారే. నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. సెప్టెంబరు నెలలో ఒక ఆదివారం సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళాను. పిన్నిగారు టీ ఇచ్చి లోపలికి వెళ్ళారు.

"మాస్టారూ, నేను జూడో నేర్చుకోవాలనుకుంటున్నానండి. అదీ ఉదయం పూటే. అందుకని మీ సెలవు తీసుకుందామని వచ్చాను."

ఆయన గ్లాసు కింద పెట్టారు. "ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదండి. ముందు మీకే."

"ఎప్పటి నుంచి?"

"డిసెంబరులో పిల్లలకు బెల్టు పరీక్ష ఉంది కదండీ. అది అయ్యాక, మీరు ఎప్పుడంటే అప్పుడు."

చాలాసేపు మాట్లాడలేదు. తరువాత హఠాత్తుగా లేచి, "నా కాలరు పట్టుకో" అన్నారు. నేను సంకోచించాను. "పట్టుకోవోయ్" అన్నారు. పట్టుకున్నాను. ఆయన నా పట్టు విడిపించుకోవడానికి రెండు మూడు విధాల ప్రయత్నించారు. ఇంత దగ్గరలో దెబ్బకు చోటులేదు. చివరకు వదలమన్నట్లు నా చేతిమీద తట్టి, "ఇక్కడికి వచ్చేసరికి నాకూ తెలియదు. నా దగ్గర ఉన్నది నేర్పాను, లేనిది ఎక్కడ నుంచి తెస్తాను?" అన్నారు. అందులో నిష్ఠూరం ఉన్నదో, నిజాయితీ ఉన్నదో ఆనాడు పోల్చుకోలేకపోయాను. రెండూ ఉండి ఉంటాయి. తరువాత పదిరోజులు తరగతిలో నన్ను ముందుకు పిలవలేదు. అంకెలు తానే లెక్కపెట్టారు. నేను అడగలేదు. మంచిగా విడిపోవడమంటే ఎవరికీ బాధ కలగకుండా విడిపోవడమని కొందరు భావిస్తారు. బాధకు కొంత వ్యవధి ఇవ్వాలని నాకు అనిపిస్తుంది. పదకొండవ రోజున "పిల్లల సంగతి ఏం చేద్దాం?" అని ఆయనే అడిగారు.

ఆ ప్రశ్నతో అసలు పని మొదలైంది. ఎనిమిదేళ్ళుగా నేను మోసిన బాధ్యతలు ఎన్నో, అప్పగించడానికి పూనుకున్న తరువాతగాని తెలియలేదు. సామాను గది తాళంచెవి, హాజరు పుస్తకం, ఫీజుల పుస్తకం, మందుల పెట్టె. ఇవి చేతికి ఇస్తే సరిపోయేవి. చేతికి ఇవ్వలేనివి వేరే ఉన్నాయి. ఏ పిల్లవాడికి ఉబ్బసం ఉన్నదో, పరుగు ఎక్కడ ఆపాలో తెలియాలి. ఏ పాప గట్టిగా పిలిస్తే ఏడుస్తుందో, మెల్లగా పిలిస్తే అసలు వినదో తెలియాలి. ఒక పిల్లవాడు ఎడమకాలు ముందుకు వేయమంటే కుడికాలు వేస్తాడు. తిట్టకుండా ఎదురుగా నిలబడి అద్దంలా చేసి చూపిస్తే సరిగా వేస్తాడు. డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి మా సీనియర్లలో ఓపికగలది. ఆమెకు తరగతి అప్పగిద్దామంటే మాస్టారు అంగీకరించారు. మొదటి నెల నేను చెప్పగా ఆమె చూసింది. రెండవ నెల ఆమె చెప్పగా నేను చూశాను. మూడవ నెల నేను కావాలనే పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళేవాణ్ణి. దూరం నుండి ఆమె గొంతు వినిపించేది. ఆమె లెక్కించే వేగం నాకంటె కాస్త తక్కువ. పిల్లల భంగిమలు మాత్రం అందువల్లనే మెరుగుపడ్డాయి. ఇది ఒప్పుకోవడం నాకు అంత సులభం కాలేదు.

సంగతి తల్లిదండ్రులకు తెలిసిన తరువాత ముగ్గురు నన్ను విడిగా కలిశారు. "మా కాలనీలో మీరు తరగతి పెట్టండి, మా పిల్లలందరూ వస్తారు" అన్నారు. మంచి ఆదాయమే వచ్చేది. ఆ పిల్లలు నా దగ్గర నేర్చుకున్నవారే, కాని ఆ చెట్టు కిందికి మాస్టారి పేరు విని వచ్చినవారు. నేను ఆ పని చేయడం లేదని వారికి చెప్పాను. వారు అడిగిన సంగతి మాస్టారికి చెప్పలేదు. చెప్పి మంచివాడిననిపించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఊరు చిన్నది కనుక ఆయనకు తెలిసే ఉంటుంది.

కరాటే తరగతిలో సీనియర్లు వరుసకు కుడి చివర నిలబడతారు. కొత్తవారు ఎడమ చివర. డిసెంబరు చివరి ఆదివారం నాకు ఆఖరి రోజు. దండలు, ఉపన్యాసాలు మాస్టారికి గిట్టవు. ఆ రోజు నన్ను ఎడమ చివర, ఎనిమిదేళ్ళ పిల్లల పక్కన నిలబడమన్నారు. అందరిచేత మొట్టమొదటి కటా హెయాన్ షోడాన్ చేయించారు. నేను చేరిన ఏడాది నేర్చుకున్నది అదే. నా పక్కన ఉన్న కుర్రవాడు మధ్యలో తప్పు దిక్కుకు తిరిగి నాకు ఎదురుపడి నవ్వాడు. తరగతి ముగిశాక మోకాళ్ళపై కూర్చుని వంగి నమస్కరించుకున్నాం. ఆ తరువాత నేను మన పద్ధతిలో ఆయన పాదాలకు మొక్కాను. గురుదక్షిణగా ఏమి ఇమ్మంటారని అడిగాను. "ఈ నెల ఫీజు కట్టావా?" అన్నారు. కట్టలేదు. జేబులో నుంచి తీసి ఇస్తే, పుస్తకంలో నా పేరుకు ఎదురుగా రాసుకుని, చిల్లర లెక్కపెట్టి తిరిగి ఇచ్చారు. నడుముకున్న నల్లబెల్టు విప్పబోతుంటే, "అది నీదే. అక్కడ మాత్రం కట్టుకోకు" అన్నారు.

జనవరిలో తెల్లబెల్టు కట్టుకుని జూడోలో చేరాను. అక్కడ మొదటి మూడు వారాలు పడడమే నేర్పారు. వెల్లకిలా పడడం, పక్కకు పడడం, పడుతూ చేతితో నేలను చరిచి దెబ్బను చెదరగొట్టడం. ఎవరి దగ్గర నేర్చుకున్నావని అక్కడి గురువు అడిగితే మాస్టారి పేరు చెప్పాను. ఆ పేరు ఆయన ఎరుగుదురు. "నిలబడే తీరు చూసి అనుకున్నాను" అన్నారు. ఆ మాటను అదే వారం మాస్టారి ఇంటికి వెళ్ళి చెప్పివచ్చాను.

మాస్టారు ఒక్కసారి మా జూడో తరగతి చూడడానికి వచ్చారు. చెప్పులు బయట విడిచి, గుమ్మం దగ్గర ఆగి, లోపల పరిచిన చాపలకు నమస్కరించి, గోడవారనున్న బల్లమీద కూర్చున్నారు. ఆ గంటలో నన్ను తొమ్మిదిసార్లు పడవేశారు. తరగతి అయ్యాక ఇద్దరం గట్టుమీద నడుస్తూ వెనుకకు వచ్చాం. ఆ ఎడమకాలి పిల్లవాడు వస్తున్నాడా అని అడిగాను. వస్తున్నాడనీ, ఇంకా కుడికాలే ముందుకు వేస్తున్నాడనీ చెప్పారు.