యంత్రం చెప్పిన న్యాయం

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి వెళ్లి ఏడ్చాడని తెలుగునాట ఒక నానుడి. వ్యాజ్యం కాలాన్నీ ధనాన్నీ తినే చెదపురుగని జనం అనుభవపూర్వకంగా తెలుసుకొని చెప్పిన మాట అది. దానికి తోడు చట్టం మాట్లాడే భాష వేరు, జనం మాట్లాడే భాష వేరు. రాజ్యాంగంలోని 348వ అధికరణాన్ని అనుసరించి సుప్రీంకోర్టు, హైకోర్టుల వ్యవహారాలు ప్రధానంగా ఆంగ్లంలోనే సాగుతాయి. తన పొలం గురించి వెలువడిన తీర్పును రైతు మరొకరి నోట వినవలసిందే. అటువంటివారికి ఇప్పుడు కృత్రిమ మేధ అందివచ్చింది. సెల్‌ఫోనులో తెలుగులో అడిగితే తెలుగులోనే సమాధానం వస్తున్నది.

న్యాయస్థానాలు కూడా దీనిని దూరంగా ఉంచలేదు. ఆంగ్ల తీర్పులను తెలుగుతో సహా పలు భారతీయ భాషలలోకి మార్చడానికి సుప్రీంకోర్టు 2019 నవంబరులో ‘సువాస్’ అనే సాధనాన్ని ప్రవేశపెట్టింది. ఐతే యంత్రానికి పదం తెలుసు గాని సందర్భం తెలియదు. ‘లీవ్ గ్రాంటెడ్’ అంటే కోర్టు పరిభాషలో అప్పీలుకు అనుమతి లభించిందని అర్థం. యంత్రం దానిని ‘సెలవు మంజూరైంది’ అని హిందీలోకి తర్జుమా చేసిన ఉదంతాన్ని సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఒకరు ప్రస్తావించారు. అందుకే ఆ అనువాదాలను మనుషులు సరిచూడవలసి వస్తున్నది.

ఇది నవ్వుకొని వదిలివేయదగిన పొరపాటు. అన్నీ అటువంటివి కావు. 2023లో న్యూయార్కు నగరంలో ఒక విమానయాన సంస్థపై నడిచిన దావాలో న్యాయవాదులు చాట్‌జీపీటీ అందించిన ఆరు పూర్వ తీర్పులను ఉదాహరించారు. ప్రతివాది న్యాయవాదులు వెదికితే అవి ఎక్కడా కనిపించలేదు. అవి నిజమైనవేనా అని ఆ న్యాయవాది మళ్లీ అడిగింది ఆ యంత్రాన్నే! నిజమైనవేనని అది నమ్మబలికింది. న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా విధించారు. దొంగసాక్షికి తాను అబద్ధమాడుతున్నానని తెలుసు. మాట పక్కన ఏ మాట ఒదుగుతుందో లెక్కగట్టి కూర్చే యంత్రానికి ఆ ఎరుక కూడా లేదు. తీర్పులు నిర్ణయించడానికి ఇటువంటి సాధనాలను వాడరాదని 2025 జులైలో కేరళ హైకోర్టు తన పరిధిలోని జిల్లా న్యాయస్థానాలకు విధానం నిర్దేశించింది.

కోర్టుకు అటువంటి కట్టుబాటు ఉంది. ఇంట్లో కూర్చొని ఫోనును సలహా అడిగే సామాన్యులకు ఏ కట్టుబాటూ లేదు. పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో తనకు వాటా వస్తుందా అని ఒక ఆడపడుచు అడిగిందనుకోండి. ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కుమార్తెలకు కుమారులతో సమానహక్కు ఇచ్చింది. ఐతే 1985 సెప్టెంబరు 5కు ముందే వివాహమైనవారికి అది వర్తించలేదు. 2005లో వచ్చిన కేంద్ర సవరణ ఆ భేదాన్ని తొలగించింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 9 నాటికి తండ్రి జీవించి ఉంటేనే హక్కు అని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. తండ్రి జీవించి ఉండనక్కరలేదని 2020లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మాటను తోసిపుచ్చింది. అయినా 2004 డిసెంబరు 20కి ముందు చట్టబద్ధంగా జరిగిన పంపకాలు చెదరవు.

ఇన్ని మలుపులలో యంత్రం 2015 నాటి మాటనే పట్టుకొని, తండ్రి ముందే గతించాడు గనుక వాటా లేదని నున్నగా చెప్పవచ్చు. ఆమె నిట్టూర్చి ఊరుకుంటుంది. కోర్టుకు రాని ఆ నష్టం ఏ రికార్డులోనూ చేరదు. అనుభవజ్ఞుడైన వకీలు ఐతే నోరు విప్పకముందే పంపకం ఎప్పుడు జరిగింది, దస్తావేజు రిజిస్టరైందా అని అడుగుతాడు. పైగా వకీలుతో చెప్పుకున్న రహస్యానికి సాక్ష్యచట్టం రక్షణ ఉంది. యంత్రంతో చెప్పుకున్నదానికి ఆ రక్షణ లేదు.

అలాగని ఫోనును పారవేయమనడం న్యాయం కాదు. అది లేని రోజుల్లో ఆమె ఎవరిని అడిగేది? అన్నదమ్ములను, లేదా వారి మాట కాదనలేని ఊరిపెద్దలను. యంత్రానికి ఆమె పొలం మీద ఆశ లేదు. న్యాయసేవాధికార సంస్థల చట్టం, 1987 ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. అందుకు 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. ఆ సంగతి ఆమెకు యంత్రమే చెప్పినా మంచిదే.